ముహావరా తర్వాత, ముందు రోజ్‌మర్రా



రాజమండ్రి దానవాయిపేటలో నడవండి, కాకినాడలో నడవండి, భీమవరంలో, అమలాపురంలో నడవండి. రెండు వీధులకొకచోట "30 రోజుల్లో స్పోకెన్ ఇంగ్లిష్" బోర్డు తగులుతుంది. మేడ మీద రెండు గదులు, నలభై కుర్చీలు, ఒక వైట్ బోర్డు. ఫీజు కట్టగానే చేతిలో ఒక జిరాక్సు కట్ట పెడతారు. అందులో వంద ఇడియమ్స్, రెండొందల ఫ్రేజల్ వెర్బ్స్ ఉంటాయి. ఎడమ పక్క ఇంగ్లిష్, కుడి పక్క తెలుగు మతలబ్. పొద్దున పది, సాయంత్రం పది బట్టీ పట్టాలి.

నెల తిరిగేసరికి కుర్రాడికి "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అంటే కుండపోత అని వచ్చేస్తుంది. "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" వస్తుంది. "బ్లాక్ షీప్" వస్తుంది. కానీ ఫోన్లో ఇంటర్వ్యూ చేసేవాడు "కెన్ యూ హోల్డ్ ఆన్" అంటే దేన్ని పట్టుకోమంటున్నాడో అర్థంకాక మౌనంగా ఉండిపోతాడు. "ఫిల్ దిస్ ఇన్ అండ్ హ్యాండ్ ఇట్ ఓవర్ టు హర్" అన్న మాటలో ప్రతి లఫ్జూ అతనికి తెలిసిందే. వాక్యం మాత్రం తెలియలేదు.

నాకు ఇంగ్లిష్ నేర్చుకోవడం మీద ఏ శికాయతూ లేదు. మన గరీబు పిల్లలకి ఇంగ్లిష్ అక్కర్లేదు అనే పెద్దమనుషుల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో నాకు బాగా తెలుసు. నా శికాయత్ అంతా నేర్పే వరస మీద. కొసరు ముందు పోసి, అసలు ఎగ్గొడుతున్నారు.

అసలేమిటో చెప్పడానికి నేను చదివిన ఉర్దూ మీడియం బడి లోంచి ఒక లఫ్జు తెచ్చుకోవాలి. ఉర్దూ ఖవాయిద్‌లో ముహావరా వేరు, రోజ్‌మర్రా వేరు. ముహావరా అంటే మాటల అసలు అర్థం వదిలేసి ఇంకో అర్థం పట్టుకున్నది. మన తెలుగులో జాతీయం అంటాం. "తోక ముడిచాడు" అంటే అక్కడ తోకా లేదు, ముడవడమూ లేదు. రోజ్‌మర్రా అలాంటిది కాదు. ఆ జబాన్ పుట్టుకతో వచ్చినవాళ్లు రోజూ ఏ మాట పక్కన ఏ మాట వేస్తారో, ఆ వరస. తెలుగులో "నాలుగైదు రోజులు" అంటాం, "ఐదునాలుగు రోజులు" అనం. వ్యాకరణం ఏమీ అడ్డు చెప్పదు. కానీ అలా అన్నవాడు మనవాడు కాదని చెవికి ఇట్టే తెలిసిపోతుంది.

మౌలానా అల్తాఫ్ హుసేన్ హాలీ 1893లో వచ్చిన తన "ముఖద్దమా-ఎ-షేర్-ఓ-షాయరీ"లో ఈ రెండింటి ఫరక్ మీద చాలా సేపు మాట్లాడాడు. ఆయన ఫైసలా ఏమిటంటే, రోజ్‌మర్రా లేకుండా మాట నిలబడదు. ముహావరా ఉంటే అందం, లేకపోయినా నష్టం లేదు. కవిత్వం గురించి చెప్పిన మాట అది. మన స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్ల గోడ మీద రాసిపెట్టాల్సిన మాట కూడా అదే.

డిగ్రీలో తెలుగు సాహిత్యం తీసుకున్నాక ఇదే సంగతి ఇంకో దారిలో నా ముందుకొచ్చింది. ఉర్దూవాళ్లు రోజ్‌మర్రా అన్నదానికి తెలుగులో దగ్గరి మాట "పలుకుబడి". ఒక జబాన్‌లో జనం పలికే తీరు పలుకుబడి. నలుగురిలో చెల్లుబాటు ఉండడమూ పలుకుబడే. ఒకే లఫ్జుకి ఈ రెండు అర్థాలూ ఊరికే రాలేదు. ఎవడి మాట తీరు చెల్లుతుందో వాడి మాటే చెల్లుతుంది. ఇంగ్లిష్ కోసం మన పిల్లలు పడే తాపత్రయం అంతా ఈ రెండో పలుకుబడి కోసమే. అందుకు మొదటిది కావాలి. జిరాక్సు కట్టలో అది లేదు.

ఇక్కడ మన జిల్లా సంగతే ఒకటి చెప్పుకోవాలి. 2022లో తొండంగి మండలం బెండపూడి జిల్లా పరిషత్ హైస్కూల్ పిల్లల వీడియోలు దేశమంతా తిరిగాయి. ప్రభుత్వ బడి పిల్లలు అమెరికా యాసలో ఇంగ్లిష్ మాట్లాడుతున్నారని అందరూ అబ్బురపడ్డారు. ఆ మే నెలలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ తాడేపల్లికి పిలిపించుకుని వాళ్లతో మాట్లాడారు. తర్వాత సోషల్ మీడియాలో ఎక్కిరింపులూ మొదలయ్యాయి. పిల్లల యాస మీద, వాళ్ల మార్కుల మీద పెద్దవాళ్లు పరాచికాలాడారు. అది చూసి నాకు సిగ్గేసింది.

జనమంతా యాస చూశారు. నేను ఆ వీడియోల్లో చూసింది యాస కాదు. ఆ పిల్లలు తడుముకోలేదు. బుర్రలో తెలుగు వాక్యం తయారుచేసి, దాన్ని తర్జుమా చేసి, సరిచూసుకుని బయటికి వదిలే ఆ మూడు సెకన్ల ఆలస్యం వాళ్ల మాటల్లో లేదు. భయం పోయింది కాబట్టి మాట వచ్చింది. యాసదేముంది, కువైట్ వెళ్తే ఒకటి అంటుకుంటుంది, టెక్సాస్ వెళ్తే ఇంకోటి. తడుముకోకపోవడం మాత్రం చిన్నప్పుడే రావాలి.

అయితే సర్కారు ఈ మసలాని ఎలా చూసింది? 2019 నవంబరులో జీవో 81 ఇచ్చి బళ్లన్నీ ఇంగ్లిష్ మీడియం అన్నారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. 2023లో టోఫెల్ తెచ్చారు. ప్రభుత్వం మారాక దాన్ని పక్కనపెట్టారు. మీడియం గురించి కొట్లాడినంత మెహనత్‌లో పదో వంతు, క్లాసులో పిల్లాడు రోజుకి ఎన్ని ఇంగ్లిష్ వాక్యాలు తనంతట తాను మాట్లాడుతున్నాడనే దాని మీద పెట్టలేదు. రెండు పేజీల పుస్తకం సైన్సు పాఠానికి పనికొస్తుంది. రోజ్‌మర్రాకి పనికిరాదు. ఎందుకంటే రోజ్‌మర్రాకి ఎదురు పేజీ ఉండదు.

ఎందుకు ఉండదో ఆకలి సంగతి చూడండి. తెలుగులో ఆకలి "వేస్తుంది". ఉర్దూలో భూక్ "లగ్తీ హై", అంటే తగులుతుంది. ఇంగ్లిష్‌లో మనిషే "హంగ్రీ" అయి కూర్చుంటాడు. జలుబు తెలుగులో "చేస్తుంది", ఉర్దూలో జుకామ్ "హోతా హై", ఇంగ్లిష్‌లో మనమే వెళ్లి దాన్ని పట్టుకుంటాం, "కాట్ ఎ కోల్డ్" అంటారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మన పిల్లాడు అమ్మీతో "భూక్ లగ్ రహీ హై" అంటాడు. పక్కింటి పిన్నితో "ఆకలేస్తోంది" అంటాడు. వాడు ఎప్పుడైనా పిన్నితో "ఆకలి తగులుతోంది" అన్నాడా? అనడు. నాలుగేళ్ల వయసు నుంచే వాడు రెండు రోజ్‌మర్రాల మధ్య తర్జుమా లేకుండా అటూ ఇటూ దూకుతున్నాడు.

ఆ పిల్లాడిని మనం ఏమంటున్నాం? "ఉర్దూ సరిగా రాదు, తెలుగు సరిగా రాదు, ఇంక ఇంగ్లిష్ ఏం వస్తుంది" అంటున్నాం. గోదావరి జిల్లాల్లో ముస్లిం పిల్లలు తరచూ వినే మాట ఇది. లఖ్నవూ ఉర్దూ మాట్లాడలేదని సొంత జమాత్‌లోనే నవ్వేవాళ్లున్నారు. తెలుగులో ఎక్కడో ఒక ఒత్తు జారితే బళ్లో నవ్వేవాళ్లున్నారు. 2022లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి ఉర్దూకి రెండో అధికార భాష హోదా ఇచ్చింది. మంచిదే. కానీ క్లాసులో ఆ పిల్లాడికి "నీ దగ్గర రెండు జబాన్లున్నాయి, మూడోది నీకు మిగతావాళ్లకన్నా తేలిక" అని చెప్పే ఉస్తాద్ దొరక్కపోతే ఆ హోదా బోర్డు మీదే ఉండిపోతుంది.

తేలిక అని ఊరికే అనలేదు. ఇప్పుడు ఫ్రేజల్ వెర్బ్స్ దగ్గరికి రండి. జనం వీటికి భయపడేది ఎందుకంటే చిన్న క్రియ పక్కన అప్, ఔట్, ఆఫ్, అవే లాంటి తోక ఒకటి తగిలించగానే అర్థం మారిపోతుంది. ఇది ఏదో ఇంగ్లిష్‌వాడి మాయ అనుకుంటారు. భాయ్, ఈ విద్యలో మనం వాళ్లకి తీసిపోయినవాళ్లం కాదు.

"పడు" తీసుకోండి. నిలబడ్డాడు, బయటపడ్డాడు, వెంటపడ్డాడు, ఎదురుపడ్డాడు, విరుచుకుపడ్డాడు. వీటిలో నిజంగా కింద పడినవాడు ఒక్కడూ లేడు. నిలబడ్డవాడైతే పడటానికి పూర్తి ఉల్టా పని చేశాడు. "మంత్రి ఆ ఆరోపణల్ని కొట్టిపారేశారు" అని మేం పత్రికల్లో రోజూ రాస్తాం. తెలుగు నేర్చుకునే దొర ఎవరైనా అది చదివితే మంత్రిగారు ఎవర్ని కొట్టారు, ఎక్కడ పారేశారు అని అడగడా?

ఉర్దూలో అయితే ఇది ఇంకా జోరుగా ఉంటుంది. "రో పడా" అంటే ఏడ్చి పడ్డాడని కాదు, ఉన్నట్టుండి ఏడ్చేశాడని. "బోల్ ఉఠా" అంటే లేచి మాట్లాడాడని కాదు, ఆగలేక అనేశాడని. "కర్ బైఠా" అంటే చేసి కూర్చున్నాడని కాదు, చేయకూడని పని చేశాడని. "కర్ దో", "కర్ లో" మధ్య ఫరక్ తెలుగులో "చేసిపెట్టు", "చేసుకో" మధ్య ఉన్న ఫరకే.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. ఇంగ్లిష్ "ఈట్ అప్"లో అప్ అంటే పైకి కాదు, పూర్తిగా అని. తెలుగులో "తినెయ్"లో ఆ "ఎయ్" చేసే పని అదే. ఉర్దూ "ఖా జావో"లో "జావో" చేసే పని అదే. డ్రింక్ అప్ అంటే తాగెయ్. క్లీన్ అప్ అంటే శుభ్రం చేసెయ్. "గో అవే" అంటే వెళ్లిపో, చలే జావో. ఈ "పో" లేకుండా ఉట్టి "వెళ్లు" అంటే ఎంత తేడానో, "అవే" లేకుండా ఉట్టి "గో" అంటే అంత తేడా. "కీప్ ఆన్" అంటే చేస్తూ పో, కర్తే జావో. "రన్ ఔట్" అంటే అయిపోవడం, ఖతమ్ హో జానా. బియ్యం అయిపోయాయి అన్నామంటే బియ్యం పరిగెత్తాయని కాదు. "కేమ్ ఔట్" అంటే విషయం బయటపడింది. అన్నీ ఇలా జోడీ కుదరవు. కానీ తోకలో ప్రాణం ఉంటుందని ఒకసారి తెలిశాక రెండొందల మాటల లిస్టు రెండొందల శత్రువుల్లా కనిపించదు. ఎనిమిది తోకలు, ఇరవై చిన్న క్రియలు. మిగిలిందంతా అలవాటు.

పైగా మనం వీటిని ఎప్పుడో ఇంట్లోకి తెచ్చేసుకున్నాం. "ఊరికే బిల్డప్ ఇవ్వకు" అనని కుర్రాడు గోదావరి జిల్లాల్లో ఉన్నాడా? "గెటప్ అదిరింది" అంటాం. హీరో కటౌట్‌కి దండ వేస్తాం. బండికి పికప్ లేదని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తాం. అమ్మీని చెకప్‌కి తీసుకెళ్తాం. పిల్లాడు డ్రాపౌట్ అయ్యాడని బాధపడతాం. బిల్డప్, గెటప్, కటౌట్, పికప్, చెకప్, డ్రాపౌట్ అన్నీ ఫ్రేజల్ వెర్బ్స్ కడుపున పుట్టినవే. ఎవరూ జిరాక్సు కట్ట ఇవ్వలేదు. సినిమా, షెడ్డు, ఆస్పత్రి నేర్పాయి. పని ఉన్నచోట జబాన్ దానంతట అది వస్తుంది.

ఇది మన డెల్టాకి కొత్త కాదు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దానితో కాలవలు, కాలవలతో లాకులు వచ్చాయి. "లాకులు" ఇంగ్లిష్ మాట అని ఈ రోజు ఏ రైతుకీ తోచదు. ఆ కాలవల మీద నీళ్లు చూసుకునే ఉద్యోగి పేరు లస్కరు. ఫార్సీ, ఉర్దూల్లోని "లష్కర్" ఇంగ్లిష్ నోట్లో "లాస్కర్" అయి, ఇరిగేషన్ శాఖ రిజిస్టరులోకి ఎక్కి, మన కాలవ గట్టు మీద లస్కరుగా సైకిల్ తొక్కుతోంది.

ఇంగ్లిష్‌వాడు కూడా మన దగ్గర తక్కువ తీసుకోలేదు. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు ఇండియాలో ఇంగ్లిష్‌వాళ్లు వాడే మాటలకి ఒక డిక్షనరీ వేశారు. పేరు "హాబ్సన్-జాబ్సన్". ఎవరో ఇద్దరు సాహెబుల పేర్లలా ఉంది కదా? అది ముహర్రంలో "యా హసన్, యా హుసైన్" అన్న మొరని గోరా సిపాయిల చెవులు విన్న తీరు. సాహెబుల చెవి కూడా మన చెవి లాంటిదే అన్నమాట. సుఖమైన ఉద్యోగాన్ని ఇంగ్లిష్‌వాడు "కుషీ జాబ్" అంటాడు. అది మన "ఖుష్" నుంచి పోయిందే. సి.పి. బ్రౌన్ కడప, మచిలీపట్నం, రాజమండ్రిల్లో కొలువు చేసినవాడు. తెలుగు నిఘంటువులు వేసి ఊరుకోలేదు. తెలుగులో కలిసిపోయిన హిందుస్తానీ, ఫార్సీ, ఇంగ్లిష్ మాటలకి 1854లో వేరే "మిశ్రభాషా నిఘంటువు" వేశాడు. దాఖలు చేయడం, హాజరు పరచడం, జప్తు చేయడం, రాజీ పడడం: ఉర్దూ నామానికి తెలుగు క్రియ కట్టి కోర్టులు నడిపిన జనం మనం. ఇప్పుడు ఇంగ్లిష్ నామానికి కట్టి "సెట్టయింది", "అడ్జస్టవు" అంటున్నాం.

మాటకి మాట కుదర్చడం తర్జుమా కాదని రాజమండ్రికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఇక్కడికొచ్చి ఇంగ్లిష్‌లో ఉపన్యాసాలిస్తే తెలుగు చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఆ సభలో ఆయన ఆశువుగా చెప్పిన పద్యం తెలుగు దేశమంతా తిరిగింది. దేశాన్ని ఆవుగా, ప్రజల్ని దూడలుగా, తెల్లవాళ్లని పాలు పిండుకునే గొల్లలుగా చూపించాడు. పాల్ ఇంగ్లిష్ వాక్యాలకి వరసగా అర్థాలు చెప్పి ఊరుకుంటే ఆ రోజు సభ మర్నాటికే మరుపయ్యేది. ఆయన విషయం పట్టుకుని మన పశువుల కొట్టంలోకి తీసుకొచ్చాడు.

ఖైర్, చరిత్ర అయింది. అసలు ఫిక్ర్ చెప్తాను. పరీక్షల్లో ఇడియమ్స్ అడుగుతారు కదా భాయ్ అంటారు. అడుగుతారు. ఎస్సెస్సీ పరీక్షల్లో వాటికి మార్కులున్నాయి. ఇంతెహాన్ కోసం చదవండి, ఎవరు కాదన్నారు? కానీ పరీక్ష హాలు బయట జీవితం ఉంది. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లేవాళ్లు ఎందరో. ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లున్నారు. నర్సులుగా వెళ్దామనుకునే ఆడపిల్లలున్నారు. ఆస్పత్రిలో రోగి "ఐ వామిటెడ్" అనడు, "ఐ త్రూ అప్" అంటాడు. "హి పాస్డ్ ఔట్" అంటే స్పృహ తప్పాడని. మన దగ్గర కాలేజీ పూర్తిచేసినవాడు "పాసౌట్" అంటాడు. అక్కడి నర్సు అలా అర్థం చేసుకుంటే కుదరదు. "హి పాస్డ్ అవే" అంటే పోయాడని, ఇన్నా లిల్లాహి. ఔట్, అవే. ఆ ఒక్క తోక దగ్గర పొరబడితే వార్డులో ఏమవుతుందో ఆలోచించండి. బ్లూ మూన్ రాకపోయినా ఎవరి ప్రాణమూ పోదు.

మరి ఏం చేయాలి? నాకు తోచింది నాలుగు ముక్కలు.

ఒకటి, లిస్టు అక్షర క్రమంలో ఇవ్వకండి, సందర్భంగా ఇవ్వండి. ఫోన్‌కి పది, బస్సుకి పది, బ్యాంకుకి పది, ఆస్పత్రికి పది, వంటింటికి పది. యాభై చాలు. ఆ యాభైతో బతుకు నడుస్తుంది, మిగతావి వాటి వెనకే వస్తాయి.

రెండు, మతలబ్ అడగకండి, వాక్యం అడగండి. మా ఉర్దూ బడిలో ముహావరా చెప్పాక ఉస్తాద్ వదిలేవారు కాదు, "జుమ్లే మే ఇస్తేమాల్ కరో" అనేవారు. నీ సొంత వాక్యంలో వాడు. మీ నానీ గురించి, మీ మేక గురించి, మీ సైకిల్ గురించి. ఆ పాత పద్ధతిని మించిన యాప్ నేను చూడలేదు.

మూడు, క్లాసులో తెలుగో ఉర్దూవో మాట్లాడితే జుర్మానా వేసే స్కూళ్లున్నాయి. అది తాలీమ్ కాదు, జుల్మ్. "ఈట్ అప్" అంటే "తినెయ్"లో ఉన్న "ఎయ్" అని చెప్పకుండా పిల్లాడికి దాన్ని ఏ దారిలో చెప్తారు? అమ్మ నుడి మెట్టు తీసేసి మేడెక్కమంటే కాళ్లు విరుగుతాయి.

నాలుగు, మర్యాద కూడా రోజ్‌మర్రాలో భాగమే. గోదావరి జనానికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. పని చేయనని మొహం మీద చెప్పకుండా "చూద్దామండి" అంటాం. ఉర్దూలో "దేఖేంగే" అంటారు. ఇంగ్లిష్‌వాడు "వీ విల్ సీ" అంటాడు. ముగ్గురూ చెప్పేది ఒకటే, ఆ పని అవ్వదని. "ఐ యామ్ అఫ్రైడ్" అన్నవాడు భయపడటం లేదు, లేదనే సంగతి సుతారంగా చెప్తున్నాడు. "ఆయ్" అనే ఒక్క అక్షరంతో సరేనని, వింటున్నానని, నువ్వు చెప్పింది నమ్మలేదని కూడా చెప్పగల జిల్లా మనది. ఇంత సూక్ష్మం ఎరిగిన చెవికి ఇంగ్లిష్ సూక్ష్మం అందదంటే నేను నమ్మను.

తల్లిదండ్రులకి నా గుజారిష్ ఒకటే. సెంటర్‌లో చేర్పించే ముందు ఆ జిరాక్సు కట్ట అడిగి చూడండి. మొదటి పేజీలో పిల్లులూ కుక్కలూ కురుస్తుంటే ఫీజు జేబులోనే ఉంచుకోండి. ఫోన్ ఎత్తడం, ఫారం నింపడం, కడుపునొప్పి చెప్పడం, సాయం అడగడం, కాదనడం ఉంటే కట్టండి. వంద రూపాయలు ఎక్కువైనా కట్టండి.